జానెడు ఖాళీ

విజయరంగన్ అన్న ఏ బోర్డునూ పూర్తిగా రాసి నిచ్చెన దిగిన మనిషి కాడు. ముప్పై ఏళ్ళు పాండిచ్చేరిలో అంగళ్ళకు పేర్లు రాశాడు. ప్రతి బోర్డులోనూ ఎక్కడో ఒకచోట జానెడు ఖాళీ వదిలేసేవాడు. "రంగు ఆరాల. రేపొస్తా" అనేవాడు. రేపు వచ్చేది, అతనూ వచ్చేవాడు. టీ తాగి, ఊరి సంగతులన్నీ మాట్లాడి, ఒక్క గీత గీసి, మళ్ళీ రంగు ఆరాలని చెప్పి సైకిలెక్కేవాడు. పొద్దున ఉతికిన దుప్పటి పదింటికల్లా అప్పడంలా తయారయ్యే ఎండలో కూడా అతని రంగు మాత్రం ఆరేది కాదు.

నేను నెల్లితోపులో ఒక పెయింట్ల అంగట్లో పనిచేసేవాణ్ణి. ఏ రంగు ఎంతసేపట్లో ఆరుతుందో నిద్రలో అడిగినా చెప్పగలను. ఎనామెల్‌కు ఒక రాత్రి చాలన్నా అని ఒకసారి చెప్పి చూశాను. "నువ్వు డబ్బా మీద ఉండేది చదివి చెప్తా ఉండావు మురళీ. గోడని అడిగినావా?" అన్నాడు. గోడని అడగలేదు కాబట్టి నోరు మూసుకున్నాను.

దామోదరన్ పచారీ కొట్టు బోర్డు సంగతి ఊరందరికీ తెలుసు. అరవంలో ఆ పేరు రాస్తే చివరి అక్షరం నెత్తిన ఒక చుక్క పెట్టాలి. తక్కినదంతా రెండు రోజుల్లో అయిపోయింది. చుక్క నలభై రోజులు పట్టింది. విజయరంగన్ అన్న రోజూ వచ్చి నిచ్చెన వేసి, ఒక కన్ను మూసి చూసి, దిగి, బియ్యం మూట మీద కూర్చునేవాడు. దామోదరన్ విసిగిపోయి, చుక్క పెట్టడానికి పంచాంగం చూడాలా అని అడిగాడు.

"నడుమ పడాల కదప్పా. పొద్దున ఎండకు నడుమ ఒక పక్క ఉండాది, సాయంత్రం ఇంకో పక్క ఉండాది. యాడ పెట్టేది?"

ఆ మాట నెల్లితోపు సంతలో ఆరు నెలలు తిరిగింది. బేరం తెగకపోతే చాలు, "నడుమ యాడ ఉండాదో చూడాల" అనేవాళ్ళు.

నాకు తెలుగు అక్షరాలు నేర్పింది కూడా విజయరంగన్ అన్నే. మా ఇంట్లో తరాలుగా తెలుగే మాట్లాడతాం గాని, చదవను రాయను ఎవరికీ రాదు. నేను పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది, ఆయన పాత డబ్బా మూతల మీద అక్షరాలు రాసుకొచ్చి నేర్పాడు. రోజుకు ఒకటే అక్షరం. రెండు అడిగితే రంగు ఆరాలి. చివరి నాలుగు అక్షరాలు ఇప్పటికీ నేర్పలేదు. వాటిని నేను బియ్యం సంచుల మీద చూసి సొంతంగా నేర్చుకున్నాను.

ఇంతలో ఫ్లెక్సులు వచ్చాయి. కంప్యూటర్లో పేరు కొడితే గంటలో బోర్డు చుట్టచుట్టి చేతికిస్తారు. అందులో ఎక్కడా ఖాళీ ఉండదు. రేపు రమ్మనరు. ఏడాది తిరిగేసరికి విజయరంగన్ అన్న చేతిలో పని లేకుండా పోయింది. పాత బోర్డుల ముందు సైకిలాపి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, వెళ్ళిపోయేవాడు.

రెండు వేల ఏడులో ఊళ్ళో కళాభిమానులు కొందరు కలిసి ముదలియార్‌పేటలో వీధి బొమ్మల పండుగ పెట్టారు. ఒక వీధిలో ఇళ్ళ ప్రహరీ గోడలు అడిగి తీసుకుని, ఒక్కొక్కరికి ఒక్కో గోడ ఇస్తారు. శుక్రవారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం సాయంత్రం అయిదింటికి ముగించాలి. మొదటి బహుమతి వచ్చినవాళ్ళకు నాలుగు బడుల గోడల మీద బొమ్మలు వేసే పని, అంటే ఒక ఏడాది పని. ఒక్కటే షరతు: పూర్తికాని బొమ్మను బహుమతికి చూడరు. ఆ షరతు చదివి కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాను. అయినా దరఖాస్తు నేనే రాసి, ఆయన చేత సంతకం పెట్టించాను. సంతకం చివర ఒక అక్షరం మిగిల్చాడు. చెయ్యి పట్టుకుని రాయించాను.

మాకు పట్టాభిరామన్ ఇంటి గోడ వచ్చింది. ఆయన టౌన్ బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఒకప్పుడు ఆయన గొంతు విని, బస్సు రెండు వీధుల అవతల ఉండగానే జనం సంచులు సర్దుకునేవాళ్ళు. ఆరు నెలల కింద గొంతుకు ఆపరేషన్ అయ్యాక మాట పోయింది. గాలి వస్తుంది, గొంతు రాదు. చూడవచ్చినవాళ్ళు ఏదో అడగడం, ఆయన చేతులతో చెప్పబోవడం, వాళ్ళకు అర్థం కాక గడియారం చూసుకోవడం. ఇలా నాలుగైదుసార్లు అయ్యాక ఆయన వెనకగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఈ సంగతులన్నీ ఆయన భార్య సౌభాగ్యమక్క, మేము నిచ్చెన దించేలోపే చెప్పేసింది. ఆమె ఇద్దరి వంతూ మాట్లాడేది.

విజయరంగన్ అన్న గోడ మీద ఎర్ర టౌన్ బస్సు గీశాడు. పొద్దున తొమ్మిదింటి బస్సు, కిటకిటలాడే జనం. మొదటి రోజు మధ్యాహ్నం గోడ మీదుగా లోపలికి కేక వేశాడు.

"కండక్టరన్నా, ఫుట్‌బోర్డు మీద ముగ్గురు చాలునా?"

కాసేపయ్యాక ఇంటి వెనక నుంచి విజిల్ ఒకటి వినిపించింది. ఒక విజిలంటే ఆగమని, జనం ఇంకా ఎక్కాలని. నలుగురిని గీశాడు. మళ్ళీ ఒక విజిల్. అయిదుగురిని గీశాక రెండు విజిళ్ళు వచ్చాయి, పోనిమ్మని. సౌభాగ్యమక్క చేతిలో చెంబుతో అలాగే నిలబడిపోయింది. ఆ విజిల్ ఆరు నెలలుగా బీరువాలో ఉందట.

రెండో రోజుకు విజిల్ వరండాలోకి వచ్చింది. మూడో రోజుకు గోడ మీద తల కనబడింది. ఆయన లోపలివైపు స్టూలు వేసుకుని నిలబడి, గోడ మీదుగా కిందికి వంగి, బొమ్మను తలకిందులుగా చూస్తూ విజిల్ వేసేవాడు. కిటికీలు ఎన్ని, కమ్మీ ఎంత ఎత్తు, గంప పెట్టుకున్న ఆడమనిషి ముందు ఎక్కాలా వెనక ఎక్కాలా, అన్నీ విజిళ్ళతోనే. మా గోడ దగ్గర జనం మూగారు. పక్క గోడలవాళ్ళు గొణిగారు.

ఆదివారం నాలుగింటికి బొమ్మ అయిపోయింది, వెనక వాకిలి దగ్గర జానెడు చోటు తప్ప. నేను గడియారం చూపించి బతిమాలాను.

"అది రేపు" అన్నాడు.

"రేపటికి పండుగ ఉండదన్నా."

"గోడ ఉంటుంది కదా" అని చెప్పి టీకి వెళ్ళిపోయాడు.

ఒక ఏడాది పని జానెడు చోట్లో పోతూ ఉంది. ఆగలేకపోయాను. ఎర్రరంగు డబ్బా తీసి, ఆ ఖాళీ నిండా బస్సు రంగే పూసేశాను. మా అంగట్లో దొరికే వాటిలోకెల్లా గట్టి రంగు. గోడ మీద ఉన్న తల నన్నే చూసింది. ఒక విజిల్ వేసింది. మళ్ళీ వేసింది. మూడోసారి వేసింది. ఆయన ఉత్సాహపడుతున్నాడనుకున్నాను. పూస్తూనే ఉన్నాను.

బహుమతి తేల్చడానికి బొమ్మలు చూడవచ్చిన ముగ్గురిలో ఒక పెద్దావిడ మా గోడ ముందు చాలాసేపు నిలబడింది. బస్సు కదులుతున్నట్టే ఉందంది, జనం మాట్లాడుతున్నట్టే ఉన్నారంది. ఆ తర్వాత, ఇంత బస్సు వేసి కండక్టరును ఎందుకు వెయ్యలేదని అడిగింది. విజయరంగన్ అన్న గోడకు దగ్గరగా వచ్చాడు. ఎర్రరంగు మీద వేలు పెట్టి చూశాడు. నావైపు చూశాడు. "బ్రష్షు బాగానే పట్టినావు" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది. ఆర్తి అనే కాలేజీ అమ్మాయి వేసిన చేపలగంపకు మొదటి బహుమతి వచ్చింది. మాకు ఒక శాలువా ఇచ్చారు.

పదకొండు రోజుల తర్వాత సౌభాగ్యమక్క మా అంగడికి వచ్చింది. గోడ మీది రంగు ఊడదీసే మందు కావాలంది.

"మా ఆయన నా అట్లకాడ తీసుకొని గోడ గీకుతా ఉండాడు నాయనా. పది దినాలుగా ఇంట్లో దోసె లేదు. ఎవరు పూసిపోయినారో మహానుభావుడు, ఊడి చావదు" అని, గొంతు తగ్గించి, "ఆ బొమ్మలాయన మళ్ళీ రాలేదే. పొద్దున లేస్తే ఈయన వీధి వాకిట్లోనే ఉంటాడు" అంది.

మందు సీసా ఆమె చేతికిచ్చి, నేను సైకిలెక్కి విజయరంగన్ అన్న ఇంటికి పోయాను. కండక్టరన్న ఇంటికి ఎందుకు పోవడం లేదని అడిగాను.

"ఏమని చెప్పి పోయేదిరా? ఊరికే చూసిపోదామని వచ్చినానంటే ఆ మనిషి తలుపేసుకుంటాడు. పని మిగిలి ఉండాదంటే బయటికొచ్చి నిలబడతాడు. అందుకే ఆ చోటు పెట్టింది. ఆయన్నే నిలబెట్టి, ఆయన్నే గీద్దామని. రోజుకింత." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు పని ముగించేసినావు కదా."

నేను అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. దామోదరన్ బోర్డుకు చుక్క మిగిలిన ఆ నలభై రోజులూ అతని భార్య పోయిన కొత్త. నేను పదో తరగతి తప్పి ఎవరికీ మొహం చూపించని ఏడాదే నాకు రోజుకొక అక్షరం వచ్చింది. పన్నెండేళ్ళుగా ఆయన కబుర్లు వింటున్నాను. ఊళ్ళో నా అంత ఓపికగా వినేవాడు లేడని పేరు కూడా తెచ్చుకున్నాను. రంగు ఎందుకు ఆరదన్నా అని ఒక్కసారి నిజంగా అడిగి ఉంటే సరిపోయేది. అందరితో పాటు నవ్వాను. కండక్టరన్న ఆ పదకొండు పొద్దులూ వీధి వాకిట్లో ఒక్కడే నిలబడ్డాడంటే, దానికి కారణం నేనే.

"గోడ చెడిపోయిందన్నా. నువ్వు రావాల" అన్నాను.

మేము వెళ్ళేసరికి పట్టాభిరామన్ బనీనుతో గోడ ముందు కూర్చుని, అట్లకాడతో గీకుతున్నాడు. అరచెయ్యంత సిమెంటు బయటపడింది. పూసింది నేనేనని ఒప్పుకున్నాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, అట్లకాడ నా చేతిలో పెట్టి లేచాడు.

విజయరంగన్ అన్న గోడ మీద అరచెయ్యి ఆనించి, వైద్యుడు నాడి చూసినట్టు కళ్ళు మూసుకున్నాడు.

"పెచ్చు లేసిపోయింది కండక్టరన్నా. ముందు పూత పూయాల. ఆపైన సున్నం. ఆ తర్వాత నువ్వు రోజూ పొద్దున ఒక గంట ఈడ నిలబడాల. ఎన్నాళ్ళకు అవుతుందో ఇప్పుడు చెప్పను కాదు."

పట్టాభిరామన్ తల ఊపి లోపలికి పోయాడు. మళ్ళీ వచ్చినప్పుడు ఒంటి మీద ఖాకీ చొక్కా ఉంది. పొట్ట దగ్గర బొత్తాం పట్టడం లేదు. తల దువ్వి ఉంది. వచ్చి బొమ్మ బస్సు వెనక వాకిలి పక్కన, ఒక చెయ్యి కమ్మీ పట్టుకున్నట్టు పైకెత్తి నిలబడ్డాడు.

"ఈరోజే కాదన్నా" అన్నాడు విజయరంగన్ అన్న. ఆయన కదలలేదు.

సౌభాగ్యమక్క నా పక్కన వంగి, గీకుతున్న నాకు మాత్రమే వినబడేలా చెప్పింది.

"ఆ చొక్కా పండుగ మర్నాడు, సోమవారమే ఇస్త్రీ చేయించి పెట్టినాడు నాయనా."