అవే కంపెనీలు, వేరే పేరు

చాలా ఏళ్లు ఈ మాట దాచుకున్నాను. మీతో చెబుతాను. మధ్యలో నన్ను ఓదార్చకండి.

మా అక్క మొగుడు, మా బావ, తమిళనాడులోని రాజపాళయంలో నూలు మిల్లు సూపర్‌వైజరు. ముసలితనానికని జీతంలో మిగిలినదంతా నెలనెలా పెద్ద కంపెనీల షేర్లు కొనే ఒక ఇండెక్స్ ఫండ్‌లో వేస్తూ వచ్చాడు. తానే కొనుక్కున్నాడు, మధ్యలో ఏజెంటు లేడు. నేనేమో ఫండ్లు అమ్మే ఏజెంటుని. టార్గెట్ చేరలేదని మేనేజరు అందరిముందూ తిట్టిన రోజు, నేరుగా బావ ఇంటికే వెళ్లాను. అది అమ్మేసి మా ఫండ్‌లో వేయమన్నాను.

"రెండిట్లోనూ అవే కంపెనీలు కదా తంబీ? మార్చితే ఏం లాభం?" అన్నాడు.

"ఇది ఇంకా మేలు బావా. నన్ను నమ్మవా?"

"నిన్ను నమ్మకుంటే ఇంకెవరిని నమ్మేది? సరి, చెయ్యి."

ఫోనుకొచ్చిన ఓటీపీ చదివి వినిపించాడు.

ఆయన అడిగింది అక్షరాలా నిజం. అవే కంపెనీలు. కొత్తగా వచ్చింది నా కమీషనొక్కటే. అమ్మితే లాభం మీద పన్ను పడుతుందని నాకు తెలుసు. చెప్పలేదు.

ఆడిటరు పన్ను సంగతి చెప్పిన రోజు అక్క విరుచుకుపడింది. బావ నా పేరెత్తలేదు. "నేనే తెలీక చేసినాను" అన్నాడు. నేను ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాను. ఆనాటితో ఆయన ఫోను, బ్యాంకు కార్డు అక్క చేతికి పోయాయి. మిల్లులో ఒక షిఫ్టునంతా నడిపిన మనిషి, షేర్ ఆటోకి చిల్లర కోసం భార్య ముందు నిలబడేవాడు.

మేనేజరు మీద ఒళ్లు మండుతుంది. అంతా రూల్ ప్రకారమే కదా అనే ఆఫీసు మీద మండుతుంది. అయితే ఆ రోజు బావ ఎదుట కూర్చుని అబద్ధమాడింది మేనేజరా? ఆఫీసా?

బావ పోయాక, కర్మలకు వచ్చిన చుట్టమొకడు భోజనాల దగ్గర నవ్వుతూ అన్నాడు: "పాపం, దుడ్డు నిలుపుకొనేది చేతకాలేదు ఆయనకి."

ఆ మాట అనడానికి వాడెవడు? కోపంతో లేచి నిలబడ్డాను. నిలబడ్డాక తెలిసింది, తిట్టాల్సింది వాణ్ని కాదని.

"మార్చింది ఆయన కాదు. నేను మార్పించినాను, నా కమీషన్ కోసం," అని అరిచాను.

అందరి చేతులూ ఆకుల మీద ఆగిపోయాయి. అక్క నా వైపు చూసింది.

"ఆయన ఉన్నప్పుడు నీ నోరు ఏమైపోయినాది రా?"

ఆ రోజునుంచి అక్క నాతో మాట్లాడడం లేదు, మాట్లాడమని నేను అడగను. ఇక చుట్టాలు నవ్వితే నన్ను చూసి నవ్వుతారు. బావను చూసి కాదు.