తమక స్టాప్ దగ్గర పసుపు రాయి

ఈ గ్రూపులో రోజూ దేవుడి పటాలు తప్ప ఏమీ పెట్టని నేను ఈ రోజు మనసాగక రాస్తున్నాను.

మా ఊరు తమక స్టాప్‌లో పొద్దున బస్సు ఆగదు. వేమగల్ ఫ్యాక్టరీకి పోయే ఆడపిల్లలు చేతులు ఊపుతూనే ఉంటారు, అది దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోతుంది. ఇంకోసారి ఆలస్యమైతే పనిలోంచి తీసేస్తామన్నారని పక్కింటి శోభ నిన్న ఏడ్చింది.

దారిలో దేవుడు కనబడితే మా డ్రైవర్లు బస్సు నెమ్మది చేసి దండం పెట్టకుండా పోరు. అందుకే తెల్లవారగానే స్టాప్ పక్కనున్న రాయికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కనకాంబరాల మాల వేశాను. బస్సు వచ్చింది, నెమ్మదించి ఆగింది. డ్రైవర్ చేతులు జోడించేలోపు శోభతో సహా పిల్లలంతా ఎక్కేశారు.

"ఏమ్మా, నిన్న ఈడ దేవుడు లేడే! ఎప్పుడొచ్చినాడు?" అన్నాడు డ్రైవర్.

"ముందునించే ఉండాడప్పా. నువ్వు నిలిపితే కదా కనపడేది!"

"అట్లయితే ఇంగ రోజూ నిలిపి దండం పెట్టుకొనే పోతాలేమ్మా."

సాయంత్రం ఆ రాయి ముందు దీపం పెట్టి, క్షమించమని అడిగి వచ్చాను. స్వామిని బస్సు ఆపే పనికి పెట్టడం తప్పంటారా? చెప్పండి. ఈ రాత మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, ఆ డ్రైవర్‌కు చూపించకండి.