మందుల మూల రేగుచెట్టు

మా దొడ్డి పడమటి మూలని మందుల మూల అంటాం. మిరపతోటకి కొట్టిన పురుగుమందుల ఖాళీ డబ్బాలు పడేసేదీ, స్ప్రే పంపులు కడిగేదీ అక్కడే. గడ్డి కూడా సరిగా మొలవదు. కోళ్ళు అటు పోతే మా అత్తగారు రాయి పుచ్చుకుని తరిమేది.

అక్కడ రేగుచెట్టు ఉందని మొన్న చలికాలం దాకా నేను చూడనే లేదు. నీళ్ళు కాచడానికి ఎండు పత్తికట్టె లాగుతుంటే చెయ్యి గీరుకుంది. తిట్టుకుంటూ చూస్తే ముళ్ళకొమ్మ. ఎవరూ నాటలేదు, చుక్క నీళ్ళు పొయ్యలేదు. కట్టెమోపు వెనక నా భుజమెత్తు పెరిగి విరగకాసి ఉంది. ఎర్రగా, నున్నగా ఆ కాయలు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పటికి ఇరవై రోజులుగా అత్తగారు ఏమీ తినడం లేదు. కడుపులో క్యాన్సర్. ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు గుంటూరు ఆసుపత్రిలో. నోరంతా చేదని జావ కూడా ఉమ్మేసేది. "పుల్లగా ఏదన్నా పెట్టు అమ్మాయ్" అని ఒకటే గొడవ. నిమ్మకాయ పచ్చడి పెట్టాను, సత్తెనపల్లి నుంచి బత్తాయిలు తెప్పించాను. ఏదీ రుచించలేదు.

కొంగు నిండా కోసుకున్నాక కాలికి డబ్బా తగిలింది. ఎక్కడ నిలబడ్డానో అప్పుడు గుర్తొచ్చింది. నా మొద్దుబుర్రని తిట్టుకుని, కొంగు దులిపేసి లోపలికొచ్చాను.

ఆవిడ ముక్కు మాత్రం బాగానే పనిచేస్తోంది. "రేగ్గాయల వాసనొస్తంది. ఏయి?"

"పురుగు పట్టాయత్తయ్యా, పారేశాను."

"మందుల మూల చెట్టుకి పురుగెక్కడిదే?"

నేను ఆవిడ దుప్పటి సర్దబోయాను.

"పెళ్ళయిన కాణ్ణించీ ఆ డబ్బాలు కడిగింది ఈ చేతులేగా. వద్దని ఒక్కళ్ళన్నా చెప్పారా? ఇప్పుడు నాలుగు కాయలకి అడ్డం పడతావేందే!"

నేను ఆ ఇంటికొచ్చి పన్నెండేళ్ళు. నేనూ చెప్పలేదు. ఆవిడ కడుగుతోంది కదా, నాకు తప్పిందిలే అనుకున్నాను.

మళ్ళీ వెళ్ళి ఏరుకొచ్చి మూడు నీళ్ళల్లో కడిగాను. కడిగితే పోయేది కాదని తెలుసు, అయినా కడిగాను.

ఒకటి నోట్లో పెడితే చాలాసేపు చప్పరించింది. గింజ నా అరచేతిలో ఉమ్మి, "పులుపు తెలుస్తందే అమ్మాయ్" అంది. ఆ మొహంలో వెలుగు చూసి నాకు సంతోషం వేసింది. సంతోషపడుతున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

"ఇంకోటి పెట్టు."

పెట్టాను.