గల్లీ షుగరంత నా పేరు మీదనే

మొన్న నల్గొండ దవాఖానల మా గల్లీ మొత్తం షుగర్‌కు నేనొక్కదాన్నే తిట్లు తిన్న. ఎట్లనో వినుండ్రి.

నా దగ్గర షుగర్ చూసే మిషన్ ఉన్నది. వేలు పొడుసుకుంటే అంకె పోయి ఫోన్ల పడుతది. మా మగ్గాల గల్లీల ఇంకెవ్వల దగ్గర లేదు. పొద్దుగాల చాయ్ తాగకముందే నలుగురొస్తరు. ఎవల సూది, రక్తం చుక్క పెట్టే పట్టీ ఎవలది వాళ్లే తెచ్చుకుంటరు. వద్దనాలంటే నాకు నోరు రాదు. మా బిడ్డ ఫోన్ల ఎవల అంకె వాళ్ల పేరు మీద పడేటట్టు పెట్టిచ్చింది. మంచిగనే నడిచింది.

పాత ఫోన్ గ్లాసు పలిగింది. కొత్తది కొంటే దుకాణపాయన పాతదాంట్ల ఉన్నదంత కొత్తదాంట్లకు ఎక్కిచ్చిండు. ఒక్క అంకె గుడ పోలేదని మురిసిన. అన్నీ నా పేరు మీదనే పడ్డయన్న సోయి లేదు.

డాక్టరమ్మ ఫోన్ చూసుకుంట మొఖం మాడ్చుకొని, ఏం తింటున్నవని తిట్టింది. ఒక్క పూటల్నే నూట ఇరవై, వెంటనే మూడు వందలు, మళ్ల తొంభై. గోలీలతోని కాదు, ఇన్సులిన్ మొదలువెట్టాలె అని చీటీ రాసుడు షురూ చేసింది. గా మూడు వందలు పక్కింటి యాదమ్మక్కవి. ఆమెనేమో నాకు తోడొచ్చి పక్కనే కూసున్నది. తన షుగర్ కంట్రోల్ల ఉన్నదని అందరికి చెప్పుకునే మనిషి. ఆమె ముంగట ఎట్ల చెప్పాలె?

"అదే చెప్తున్న డాక్టరమ్మా, నోరు కట్టుకోదు" అన్నది అక్క, నా దిక్కు చూసి.

నేను వేలు ముందట వెట్టిన. "ఇప్పుడొకపారి చూడుండ్రి మేడం."

వాళ్ల మిషన్ల చూస్తే నూట ఇరవైనే వచ్చింది. ఎట్లాగు వచ్చిన గదా అని అక్క గుడ వేలిచ్చింది. మూడు వందల మీదికి పోయింది. డాక్టరమ్మ ఫోన్ చూసింది, మా ఇద్దర్ని చూసింది.

"ఈ ఫోన్‌లో ఇంకా ఎంతమంది ఉన్నారమ్మా?"

తల దించుకొని ఒక్కొక్క పేరు చెప్పిన. ఆమె చీటీ మీద నా పేరు కొట్టేసి అక్క పేరు రాసింది. బస్సుల అక్క నా పక్క సీటు ఇడిసి ముంగట వొయ్యి కూసున్నది.

తెల్లారి అందరికంటె ముందు ఆమెనే వచ్చింది. చేతిల ఇన్సులిన్ డబ్బా.

"నాకు భయమైతది చెల్లె, జర నువ్వే పొడువు."

సరే అన్న. నాకు తప్పిన ఇన్సులిన్ ఇప్పుడు రోజూ నా చేతులనే ఉంటాంది.