ధర పెంచే మామయ్య

“నీకు కారే లేదు కదా బావా, మా బ్రేకులతో నీకేం పని?” అని ఆమె బాబాయి ఒకసారి ఆమె మేనమామను నిలదీశాడు.

“కారు లేదు కనకే రోడ్డు మీద నడుస్తాను. నీ బ్రేకులు పడకపోతే ముందు పోయేది నువ్వు కాదు, నేను,” అన్నాడు మామయ్య తడి గొడుగు మడుస్తూ.

కూరల బజారులో ఈయన అడుగుపెడితే అమ్మేవాళ్ళు మొహం చాటేస్తారు. అంత గీచి గీచి బేరమాడే మనిషికి లోకంలో ఎక్కడా లేని జబ్బు ఒకటుంది. బ్రేకుల రిపేరు దగ్గర మాత్రం బేరం పైకి ఆడతాడు. బాబాయి కారు షెడ్డులో ఉన్ననాడు జరిగింది అదే.

“నాలుగు వేలు సార్.”

“ఐదు తీసుకో.”

“వద్దు సార్, నాలుగు చాలు.”

“ఐదున్నర. ఇంకోసారి నాలుగన్నావంటే ఆరు!”

తన ఇంటిని తన కళ్ళముందే వేలం వేస్తుంటే చూసేవాడిలా బాబాయి పర్సు పట్టుకుని నిలబడిపోయాడు.

డబ్బు ఎక్కువొస్తే మెకానిక్కులకు పండగే కదా అనుకునేవాళ్ళకు మామయ్య సంగతి తెలియదు. ధర పెంచిన మరుక్షణం ఆయన స్టూలు లాక్కుని చక్రం పక్కనే కూర్చుంటాడు. “పెంచిన వెయ్యి ఎక్కడుంది? చూపించు,” అంటాడు. కొత్త సామాను చూపించాలి. విప్పిన పాత సామానంతా పేపరు పరిచి, పోస్టుమార్టం బల్ల మీద పెట్టినట్టు వరసగా పెట్టాలి. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, పోయినవాళ్ళ గురించి అడిగినట్టు, “ఇదెలా పోయింది?” అని ఆరా తీస్తాడు. “బండి తెండమ్మా, ఆయన్ని మాత్రం తేకండి,” అని ఒక మెకానిక్కు ఆమెకు దణ్ణమే పెట్టాడు.

చుట్టాలంతా కూర్చుని తేల్చిన కారణం ఒకటే: కమీషను. కాలరు తిప్పి కుట్టించుకుని మరీ చొక్కాలు తొడిగే మనిషి దగ్గర ఆ కమీషనంతా ఎక్కడికి పోతోందో మాత్రం ఎవరూ తేల్చలేదు. చుట్టరికంలో అంత లోతుకు వెళ్ళడం ఎవరికీ అలవాటు లేదు.

అందుకే తన కారు బ్రేకు పెడలు ఒకరోజు నేలదాకా దిగిపోయినప్పుడు ఆమె మామయ్యకు చెప్పలేదు. ఆ కారు షికార్లకు కాదు. తల్లికి మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. రోజు విడిచి రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించాలి. ఎల్లుండి ఉదయానికి కారు కదలాలి, కదిలినది ఆగాలి కూడా. మందులు కొనగా ఆమె దగ్గర మిగిలినవి ఆరు వేల చిల్లర.

అద్దాల తలుపుల పెద్ద గ్యారేజీలో టై కట్టుకున్న కుర్రాడు ఇరవై రెండు వేలన్నాడు. “ప్రాణం కంటే ఎక్కువా మేడమ్?” అని కూడా అన్నాడు. సందు చివర రేకుల షెడ్డు మెకానిక్కు కారు చూసి, ఆమె మొహం చూసి, “ఆరు ఇవ్వండమ్మా,” అన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ప్రాణం పది నిమిషాలు కూడా నిలవలేదు. తల్లి ఫోనులో తమ్ముడికి చెప్పేసినట్టుంది, వానలో తడుస్తూ మామయ్య రానే వచ్చాడు.

“ఎంతన్నాడు?”

“ఆరు. నీకు దణ్ణం పెడతాను మామయ్యా, నోరు తెరవకు.”

మామయ్య టార్చి తీసి చక్రాల సందుల్లోకి చూశాడు. లేచాడు. నోరు తెరిచాడు.

“పదకొండు.”

“నీకేమన్నా మతిపోయిందా? నా దగ్గర ఆరే ఉన్నాయి! అమ్మను భుజాన వేసుకుని మోయనా?” ఆమె గొంతు షెడ్డు రేకులకు తగిలి మోగింది.

మామయ్య మెకానిక్కు వైపు తిరిగాడు. “ఆరు వేలకి ఏం చేస్తావో చెప్పు.”

మెకానిక్కు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. “ప్యాడ్లు మారుస్తాను సార్. డిస్కులు అరిగి పల్చబడ్డాయి, వాటినే కాస్త గీకి వాడేద్దామని. వెనక చక్రం సిలిండరులోంచి బ్రేకు ఆయిలు కారుతోంది. దాన్ని తుడిచి... కొన్నాళ్ళు లాగుతుంది.”

“ఎన్నాళ్ళు?”

అతను చేతిలోని గుడ్డను నాలుగు మడతలు పెట్టాడు.

“విన్నావుటే?” అన్నాడు మామయ్య. “పెద్ద గ్యారేజీవాడు నీ భయానికి ధర కట్టాడు. వీడు జాలిపడి నీ మొహానికి ధర కట్టాడు. బ్రేకులకు ఎవడూ కట్టలేదు. కొత్త డిస్కులు, ప్యాడ్లు, ఆ సిలిండరు, ఆయిలు, వీడి కూలి, పదకొండు. తక్కినవాటికి ఏ రోగమూ లేదు. ఇరవై రెండు దోపిడీ, ఆరు ఆత్మహత్య.”

స్టూలు లాక్కున్నాడు. పని మొదలైంది.

మామయ్య టార్చితో కారు కిందికి దూరిన సమయం చూసి, ఆమె మెకానిక్కును పక్కకు పిలిచింది. “నిజం చెప్పు. ఈ ఐదు వేలలో మామయ్య కమీషనెంత?”

అతను తెల్లబోయాడు. “కమీషనా? మీ చుట్టాల బళ్ళు చాలానే చేశాను. ఆయన పెంచింది వాళ్ళలో ఎవరిచ్చారమ్మా? మొదట చెప్పిందే చేతిలో పెట్టి పోతారు. పెంచినదానికి పూచీ ఆయనది. నెల తిరగ్గానే వచ్చి ఆయనే కడతారు.”

“అప్పుడూ బేరమాడతాడా?”

“ఆడతారు. ఆలస్యమైంది, వడ్డీ తీసుకోమని.”

“ఏమిటా గుసగుసలు?” కారు కింది నుంచి కేక. “ఆ పాత డిస్కేది?”

సాయంత్రానికి పని పూర్తయింది. ఆమె ఆరు వేలూ మెకానిక్కుకు లెక్కపెట్టి ఇచ్చి, మామయ్య దారికి అడ్డంగా నిలబడింది.

“మిగతా ఐదూ నీకు నేనిస్తాను. నెలకి వెయ్యి.”

“మూడొందలు.”

“వెయ్యి, మామయ్యా.”

“రెండొందలు.”

“ఎనిమిదొందలు!”

“ఇంకోసారి అన్నావంటే వంద!”

షెడ్డులో ఆయన బేరం కిందికి ఆడటం చూసి మెకానిక్కు పానా కింద పడేశాడు. చివరికి ఐదు వందల దగ్గర ఇద్దరూ అలసిపోయారు.

మూడోనాటి ఉదయం ఆస్పత్రి దారంతా ముసురే. మలుపులో ఒక కుక్క అడ్డం వచ్చింది. ఆమె పెడలు మీద కాలు వేసింది. కారు ఆగింది. వెనక సీటులో కళ్ళు మూసుకున్న తల్లి తల కూడా ఊగలేదు.

“ఎంతకి చేశాడే?” అంది తల్లి కళ్ళు తెరవకుండానే. “తమ్ముడు ఏమన్నా తగ్గించాడా?”

“ఐదు వేలు పెంచాడమ్మా.”

తల్లి నవ్వింది. ఆ నవ్వు కాస్తా దగ్గయింది. దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది. కుక్క తీరిగ్గా దాటి వెళ్ళిపోయింది.

ఇది జరిగి నాలుగు నెలలైంది. ఆ ఐదు వేలలో ఆమె ఇంకా మూడు వేలు బాకీ ఉంది.