గ్లాసు మీద చెంచా

అడిలైడ్‌లో మేముండే మాసన్ లేక్స్ పేటలో నీటి ఒడ్డున ఒక కెఫే ఉంది. ఈ ఉదయం అక్కడ కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే పక్క బల్ల దగ్గర ఎవరో టీలో చక్కెర కలిపారు. చెంచా గాజుకి తగిలి సన్నగా టింగుమంది. పింగాణీ కప్పులో ఆ చప్పుడు రాదు. నడుము సన్నగా ఉండే టర్కీ టీ గ్లాసులోనే వస్తుంది. చటుక్కున తల తిప్పాను. ఎవరో యూనివర్సిటీ పిల్లలు. నేను వెతికిన మనిషి పోయి రెండు చలికాలాలు దాటింది. నా ఫోన్‌లో మా తెలుగు సంఘం కార్యదర్శి ప్రసాద్ పెట్టిన మెసేజ్ ఇంకా తెరిచే ఉంది. "అక్కా, ఉగాది సంచికకి ఈసారైనా ఏదన్నా లైట్‌గా రాసివ్వండి ప్లీజ్." దానికేం జవాబివ్వాలో తేలక అప్పటికే రెండో టీ తాగుతున్నాను.

ఆ మనిషి పేరు సెవిమ్. యూనివర్సిటీ లైబ్రరీలో నా పై అధికారి. తూర్పు టర్కీలో ఒక చిన్న పట్నం నుంచి వచ్చి అడిలైడ్‌లో స్థిరపడింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆమెకి అరవై దగ్గర పడుతోంది. ఈ దేశంలో పై అధికారినైనా పేరు పెట్టే పిలవాలి. నాకు నోరు రాక నీళ్ళు నములుతుంటే, "మా భాషలో అక్కని అబ్లా అంటాం. అలా పిలువు, గొడవ వదిలిపోతుంది" అంది. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. కానీ ఆమె మాటలు నాకు తెలుగులోనే గుర్తొస్తాయి. ఆ పిలుపు వల్లే కావచ్చు.

నేను హేతువాదుల ఇంట్లో పుట్టాను. మా నాన్న కోస్తాలో మా జిల్లా అంతటా పేరున్న వక్త. బాబాల మీద, ముహూర్తాల మీద, చేతబడుల మీద ఆయన విరుచుకుపడుతుంటే వేదిక పక్కన కూర్చుని వాదించడం నేర్చుకున్నాను. సముద్రాలు దాటి వచ్చినా నా నోరు ఊరుకోలేదు. ఒకరోజు లైబ్రరీ టీ గదిలో, జాతకాలు నమ్మే ఒక సహోద్యోగిని నిలబెట్టి కడిగేశాను. అతను సగం తాగిన కప్పు వదిలేసి వెళ్ళిపోయాడు. అబ్లా ఆ కప్పు తీసి కడుగుతూ అంది.

"గెలిచావు. బాగుంది. ఇందులో నీకేం పోయింది?"

"నాకేం పోతుంది?"

"అదే అడుగుతున్నా. మనకేమీ పోని వాదన ఎక్సర్‌సైజ్ లాంటిది. ఒంటికి మంచిదే, చేసుకో."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మా నాన్న నేర్పిన విద్యని ఎక్సర్‌సైజ్ అంటుందా అని రెండు రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు.

కొన్నాళ్ళకి మా దగ్గరి మునిసిపల్ కౌన్సిల్ ముందుకి ఒక అర్జీ వచ్చింది. ఆర్మీనియన్ కుటుంబాలు పార్కులో ఒక స్మారకశిల పెట్టుకుంటామన్నాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఒట్టోమన్ ప్రభుత్వం ఆర్మీనియన్లను ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించింది. దొరికినవాళ్ళని దొరికినచోట చంపించింది, మిగిలినవాళ్ళని ఎడారి దారి పట్టించి చావనిచ్చింది. లక్షల మంది పోయారు. చరిత్రకారుల్లో చాలామంది దాన్ని జాతిహననమనే అంటారు. టర్కీ ప్రభుత్వం ఆ మాట నేటికీ ఒప్పుకోదు, యుద్ధమన్నాక అన్ని వైపులా చావులుంటాయంటుంది. ఆస్ట్రేలియాకి ఇందులో ఇంకో మొహమాటం ఉంది. అదే యుద్ధంలో టర్కీ తీరాన గలీపోలీలో చనిపోయిన తన సైనికులకి ఏటా అక్కడికి వెళ్ళి నివాళి అర్పించాలంటే టర్కీతో సఖ్యత కావాలి. అందుకే ఒక రాయి మీద ఒక మాట చెక్కే విషయంలో ఇక్కడ పెద్దపెద్దవాళ్ళ గొంతులు కూడా తడబడతాయి.

కౌన్సిల్ హాల్లో బహిరంగ విచారణ పెట్టారు. టర్కీ సంఘం వాళ్ళు తమ తరఫున అబ్లాని మాట్లాడమన్నారు. చదువుకున్న మనిషి, లైబ్రరీ నడిపే మనిషి, ఆమె చెబితే విలువ ఉంటుందనుకున్నారు. సంఘం పెద్ద ఓర్హాన్ స్వయంగా కారులో తీసుకొచ్చాడు. తానేం చెప్పబోతోందో దారిలోనే ఆయనకి చెప్పేసిందట. ఆయన నమ్మలేదు. నేను వెనక వరసలో కూర్చున్నాను. అబ్లా కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని మాట్లాడింది.

"మా ఊళ్ళో ఒక ధాన్యం కొట్టు ఉండేది. దానికి పైన గోపురం. కొట్టుకి గోపురమేంటని మా నాన్నని అడిగాను. ఒకప్పుడు చర్చి అన్నాడు. ఎవరిది అన్నాను. పోయినవాళ్ళది అన్నాడు. ఎక్కడికి పోయారు అన్నాను. చెంప పగలగొట్టాడు. మా నాన్న నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. మెత్తటి మనిషి. ఆయనకి తెలుసు కాబట్టి కొట్టాడు. ఆ రాయి మీద ఆ మాట ఉండాలి."

ఓర్హాన్ లేచాడు. "నీలో ఆర్మీనియన్ రక్తం ఉందా సెవిమ్? ఉంటే చెప్పు."

"లేదు. ఉంటే నీకు సుఖంగా ఉండేది, వాళ్ళ మనిషని కొట్టిపారేసేవాడివి. నేను మీ మనిషిని ఓర్హాన్. నీ పెళ్ళిలో పాట పాడాను."

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బయటికి వస్తుంటే ఒక ముసలి ఆర్మీనియన్ ఆమె కోటు పట్టుకుని నిలబడ్డాడు. తొడుక్కోవడానికి సాయం చేసి వెళ్ళిపోయాడు. ఓర్హాన్ కారు అప్పటికే లేదు. నేనే ఇంటి దగ్గర దింపాను.

కౌన్సిల్ వాళ్ళు సామరస్యం దృష్ట్యా నిర్ణయం వాయిదా వేస్తున్నామన్నారు. తర్వాత "విషాద సంఘటనలు" అని చెక్కుకుంటే ఒప్పుకుంటామని కబురు పంపారు. ఆర్మీనియన్లు వద్దన్నారు. ఆ పార్కులో ఇప్పటికీ రాయి లేదు. విషయం మళ్ళీ మళ్ళీ చర్చకొస్తుంది, అవే మాటలు అదే వరసలో దొర్లుతాయి, మళ్ళీ వాయిదా పడుతుంది. అక్కడ కోపం ఎప్పుడో అరిగిపోయింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఆవలింతలు దాచుకోవడం కూడా మానేశారు.

ఆదివారం మధ్యాహ్నాలు అబ్లా ఇంట్లో టీ ఉండేది. వాళ్ళ ఆడవాళ్ళంతా చేరేవారు. విచారణ తర్వాతి ఆదివారం ఎవరూ రాలేదు. ఆ పైనా రాలేదు. ఆమె రొట్టె కొనే దుకాణం నడిపే టర్కీ ఆవిడ చిల్లరని చేతిలో పెట్టడం మానేసి బల్ల మీద పెట్టడం మొదలెట్టింది. చెయ్యి తగలకుండా డబ్బులు పెట్టడం మా ఊళ్ళో ఎవరికో నాకు బాగా తెలుసు. అబ్లా మాత్రం ఆదివారాలు గ్లాసులన్నీ కడిగి బల్ల మీద పేర్చేది. ఎవరికోసమని అడిగితే, "వాడకపోతే దుమ్ము పడుతుంది" అనేది. నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని. వాళ్ళ పద్ధతి అప్పుడే నేర్చుకున్నాను. గ్లాసు ఖాళీ అయితే అడక్కుండానే మళ్ళీ నింపుతారు. ఇక చాలనుకుంటే చెంచాని గ్లాసు మీద అడ్డంగా పెట్టాలి.

ఇదంతా చూసిన ఊపులో ఉగాది సంచికకి ఆర్మీనియన్ల మీద ఒక వ్యాసం రాశాను. ప్రసాద్ ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. మరుసటి ఏడు మా జిల్లా గురించి రాశాను. నా చిన్నతనంలో మా పక్క ఊళ్ళో మా కులపు ఆసాములు దళితవాడ మీద పడి మనుషుల్ని పొలాల్లోకి తరిమి చంపారు. దాన్ని ఊచకోత అని రాశాను. ప్రసాద్ భోజనానికి పిలిచి, పెరట్లో బార్బెక్యూ పక్కన నిలబడి విషయం కదిపాడు.

"ఊచకోత అంటే మరీ హార్ష్‌గా ఉందక్కా. 'గొడవలు' అని మార్చాం."

"గొడవలైతే రెండు వైపులా శవాలుండాలి ప్రసాద్. ఉన్నాయా?"

"ఇద్దరి వైపూ ఏవో తప్పులుంటాయి కదండీ. అయినా రేపు పిల్లలు చదువుతారు, మనవాళ్ళ గురించి ఏమనుకుంటారు?"

"మీ పిల్లలకి తెలుగు చదవడం వచ్చా?"

చికెన్ తిరగేస్తున్న వాళ్ళావిడ కిసుక్కున నవ్వింది. ప్రసాద్ నవ్వలేదు. "టర్కీ వాళ్ళ మీద రాశారు చూడండీ, అలాంటిది ఇంకోటి ఇవ్వండక్కా. ఎంత మంచి రెస్పాన్స్ వచ్చిందో!"

వ్యాసం వెనక్కి తీసుకున్నాను. కారు నడుపుతున్నంతసేపూ మా నాన్నే గుర్తొచ్చారు. దేవుడు లేడని ఎన్ని ఊళ్ళలో వాదించారో ఆయన. పక్క ఊరి గురించి మాత్రం ఏ వేదిక మీదా నోరెత్తలేదు. ఒకసారి అడిగితే "కేసు నడుస్తోందమ్మా" అన్నారు. కేసు ముగిశాక అడిగినా అదే అన్నారు. అబ్లా నాన్న కొట్టాడు, మా నాన్న కొట్టలేదు. అంతే తేడా.

అచ్చు కాకపోయినా అందులో ఏముందో మావాళ్ళందరికీ పాకింది. ఆ తర్వాత మావాళ్ళ ఇళ్ళలో విందులకి నాకు పిలుపులు తగ్గాయి. ఊళ్ళో తమ్ముడు "మనవాళ్ళ మీద మనమే రాస్తామా అక్కా?" అని ఒక్కసారి అడిగి, ఫోన్ ఎత్తడం మానేశాడు. ఒక ఆదివారం అబ్లా ఇంట్లో సగం టీ తాగి, చెంచా తీసి గ్లాసు మీద అడ్డంగా పెట్టాను.

"విసుగొచ్చింది అబ్లా. రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. ఇక నావల్ల కాదు."

ఆమె అప్పటికే జబ్బుపడింది. "నేనూ అలిసిపోయాను" అంది. "ఓర్హాన్ భార్య గుర్తొచ్చి ఏడుస్తాను, తెలుసా? చిన్నప్పటి స్నేహితురాలు." తర్వాత నా గ్లాసు మీది చెంచా తీసి సాసర్లో పెట్టింది. "మనం అలిసిపోయామని జరిగింది జరగనిదైపోతుందా?" కెటిల్ రెండు చేతులతో ఎత్తి నా గ్లాసు నింపింది. సగం సాసర్లో ఒలికింది. "తాగు, చల్లారిపోతుంది."

ఈ ఉదయం కెఫేలో ప్రసాద్‌కి జవాబు పంపాను. అదే వ్యాసం, అదే మాట. అతను చూసినట్టు ఫోన్‌లో గుర్తు పడింది. ఏదో టైప్ చేస్తున్నట్టు కనిపించింది, ఆగిపోయింది. మళ్ళీ కనిపించింది, మళ్ళీ ఆగిపోయింది. వేసుకోడని నాకు తెలుసు. వచ్చే ఏడూ అడుగుతాడు, వచ్చే ఏడూ ఇదే పంపుతాను.

కెఫే అమ్మాయి వచ్చి ఇంకో టీ కావాలా అని అడిగింది. నిజానికి తాగాలని లేదు. చెంచా సాసర్లోనే ఉంది. తెమ్మన్నాను.