వదిన దుకాణం మూతపడలేదు

మా వదిన దర్జీ. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు ఈ వీధిలో తక్కువ. పిల్లలు ఆమెను టేపత్త అంటారు. ఆ పిల్లల్ని కన్నవాళ్లూ ఒకప్పుడు అలాగే అనేవాళ్లు. దుకాణం కింద, ఇల్లు పైన. మా అన్నయ్య బస్సు కండక్టరు ఉద్యోగం అయిపోయాక గుండీలు కుట్టే పనిలో కుదురుకున్నాడు. నేను ఓ మూల బల్ల మీద కూర్చుని ఏదో ఒకటి చదువుకుంటూ ఉంటాను. వదిన నన్ను పుస్తకాలయ్య అంటుంది. అందులో మెచ్చుకోలు ఏమీ లేదు.

ఆమె విసుగు పుట్టుకతో వచ్చిందని అన్నయ్య అంటాడు. వృత్తితో వచ్చిందని నా అనుమానం. నడుము చుట్టూ టేపు వేయగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునే మగవాళ్లను ఆమె ఎంతమందిని చూసిందో. కుట్టిన ప్యాంటు బిగుతైందని వాళ్లే మళ్లీ తగువుకొస్తారు. "బట్ట తగ్గలేదు నాయనా, నువ్వు ఊపిరి వదిలావు" అని చెప్పి చెప్పి ఆమె గొంతు అరిగిపోయింది. ఇంకొందరు ఉన్నదానికన్నా తగ్గించి కుట్టమంటారు, వచ్చే నెలకల్లా సన్నబడిపోతారట. "అయితే వచ్చే నెలే రా" అంటుంది వదిన.

పెళ్లయి వచ్చేనాటికి ఆమెకు సూదిలో దారం ఎక్కించడం తప్ప మరేమీ రాదు. మా నాన్న కోట్లు కుట్టేవాడు. ఆమె కాలరు పాడుచేస్తే పల్లెత్తు మాట అనకుండా కుట్లన్నీ విప్పి మళ్లీ ఆమె ఒళ్లో పెట్టేవాడు. "ఒక్క తిట్టు తిట్టొచ్చు కదా మామయ్యా, ఇలా చంపే బదులు" అనేది వదిన. ఆయన పోయాక కత్తెర ఆమె చేతికొచ్చింది. తిట్టే పని కూడా తనే చేపట్టింది.

వీధి చివర పెద్ద బడి ఉంది. దాని హాస్టలు పిల్లల యూనిఫారాలు ఎక్కడో ఓ కంపెనీలో తయారయ్యేవి. వచ్చిన చొక్కాకు వచ్చినట్టు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. వాటిని సరిచేసేది వదిన. "సరిచేయించే బదులు నాతోనే కుట్టించొచ్చు కదా" అని ప్రతి ఏడూ బడి స్టోరు మేడంని అడిగేది. ఈ ఏడు మేడం ఒప్పుకుంది. ఆ రోజు వదిన ఎవరినీ విసుక్కోకపోతే అన్నయ్య కంగారుపడి జ్వరమేమోనని నుదురు పట్టి చూశాడు.

బడి నుంచి బట్ట తానులు వచ్చాయి. వాటి కోసం రెండో మిషను కొన్నారు. దుకాణానికి రంగులు వేయించాలని అరలన్నీ ఖాళీ చేసి, సరుకంతా తెచ్చి నా గదిలో పేర్చారు. నా మంచం కనిపించకుండా పోయింది. కింద రెండు మిషన్ల మీదా పాత దుప్పట్లు కప్పారు. పెచ్చులూడిన గోడల మధ్య, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వదిన ఒక కోటు అంచుకు గుండుసూదులు గుచ్చుతూ కూర్చుంది. గుండుసూదులు ఆమె పెదాల మధ్య పట్టుకుంటుంది. అప్పుడు ఎవరేమడిగినా తలూపుతుంది. నోరు తెరిస్తే సూదులు గొంతులోకి పోతాయి కనుక మా ఇంట్లో ఆ సమయంలో ఎవరూ ఏమీ అడగరు.

సరిగ్గా అప్పుడే ఫోటో జర్నలిజం చదివే ఒక అమ్మాయి కెమెరాతో గుమ్మంలోకి వచ్చింది. ఒక ఫోటో తీసుకోవచ్చా అని అడిగితే వదిన తలూపింది. చాలా పాత దుకాణమా అంటే తలూపింది. ఈ రోజుల్లో కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు కదా అంటే, దుకాణం మూసేస్తున్నారా అంటే, అన్నిటికీ తలూపింది. ఇదంతా తర్వాత ఆ అమ్మాయే చెప్పింది. వదినకు అసలు ఆ అమ్మాయి వచ్చినట్టే గుర్తులేదు.

రంగులు ఆరాయి, సరుకు అరల్లోకి చేరింది, నా మంచం నాకు దొరికింది. తర్వాతి వారం ప్యాంటు బట్ట ఇచ్చిన బ్యాంకు గుమాస్తా గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"కుట్టకపోయినా పర్లేదత్తా. బట్ట ఇచ్చెయ్యి, తీసుకెళ్తాను."

"కుట్టకపోయినా పర్లేకపోతే ఎందుకిచ్చావు? మా అరలో గాలి పీల్చుకోవడానికా?"

"అయ్యో, అలా కాదు. ఆరోగ్యం జాగ్రత్త" అని, బట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆసుపత్రి నర్సు వచ్చింది. కుట్టమని ఇచ్చిన కిటికీ తెరల బట్ట వెనక్కి తీసుకుని, వదిన చెయ్యి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. మరునాడు ఇంకో నలుగురు. అందరివీ పరామర్శకొచ్చిన ముఖాలే. వదిన అన్నయ్యను నిలదీసింది.

"ఏమండీ, నాకేమైనా జబ్బా? డాక్టరు మీ చెవిలో ఏమైనా ఊదాడా?"

"నా చెవిలో ఊదితే నీకు తెలియకుండా ఉంటుందా? నిద్రలో కూడా వాగుతానంటావుగా."

"మరి వీళ్లందరికీ ఏం పుట్టింది?"

ఏం పుట్టిందో బడి నుంచి వచ్చిన బండివాడు చెప్పాడు. మేడం తానులు వెనక్కి తెమ్మందట. కాలేజీ పిల్లలు గ్యాలరీలో ఫోటోలు పెట్టారు, అందులో మీ దుకాణం మూతపడుతోందని రాశారు, ఊరంతా చూసొస్తోంది అన్నాడు. వదిన ఎంత అరిచినా వాడు తానులెత్తి బండిలో వేస్తూనే ఉన్నాడు. ఆమె చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బండి వెనకే బడికి నడిచింది. వెనక అన్నయ్య, ఆ వెనక నేను.

స్టోరు మేడం మంచి మనిషి. వదినను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

"మీ ఫోటో చూసి నాకు ఏడుపొచ్చిందమ్మా. ఈ వయసులో, అలాంటి పరిస్థితిలో, మీ మీద ఇంత భారం పెట్టాననుకుంటే..."

"ఏ పరిస్థితి మేడం? నేను మీ ఎదురుగానే ఉన్నాను కదా. నిక్షేపంలా ఉన్నాను."

"మీరు అలాగే అంటారు. ఖాళీ అరలు నా కళ్లతో చూశానమ్మా."

"ఇప్పుడు వచ్చి చూడండి."

"తీరిక ఎక్కడమ్మా? సోమవారం బట్ట కంపెనీకి పంపెయ్యాలి. సగంలో ఆగిపోతే పిల్లలు ఏం తొడుక్కుంటారు?"

బయటికొచ్చాక వదిన గేటు దగ్గర ఆగి చెప్పులు సరిగ్గా తొడుక్కుంది. "నన్ను చూస్తూ నన్ను నమ్మదే" అంది. "కాగితం మీద నన్ను నమ్ముతుందట."

గ్యాలరీ తెల్లటి గోడలతో, ఏసీ చలితో, చెప్పుల చప్పుడు కూడా తప్పుగా వినిపించేటంత నిశ్శబ్దంగా ఉంది. మాయమవుతున్న పనులు అని గుమ్మం మీద రాశారు. చెప్పులు కుట్టేవాడు, గొడుగులు బాగుచేసేవాడు, సైకిళ్లవాడు వరుసగా గోడల మీద దిగులుగా ఉన్నారు. ఆ చివర తలుపంత ఎత్తున మా వదిన.

నిజం చెప్పాలంటే ఆ ఫోటో బాగుంది. కిటికీ వెలుతురు ఆమె చెంప మీద పడింది. వెనక ఖాళీ అరలు, దుప్పట్లు కప్పిన మిషన్లు. నీడలో కలిసిపోయిన సూదుల చుట్టూ బిగించిన పెదాలు ఏడుపు ఆపుకుంటున్నట్టున్నాయి. కింద కార్డు మీద 'ఆఖరి కోటు' అని, మాటలు కరువైన ఈ దర్జీ త్వరలో దుకాణం మూసేస్తోందని అచ్చేశారు.

"మాటలు కరువా, నీకా?" అన్నాడు అన్నయ్య. ఆపుకోలేక నవ్వేశాడు.

"మీరు నోరు మూసుకోండి."

ఒక పెద్దమనిషి వదిన భుజం తట్టి, "కాస్త పక్కకి జరుగుతారా అమ్మా, ఫోటో కనబడటం లేదు" అన్నాడు. ఆమె పక్కకి జరిగింది. ఆయన ఫోటోని, ఆమెని, మళ్లీ ఫోటోని చూసి, పోలిక పట్టలేక వెళ్లిపోయాడు.

గ్యాలరీ మేనేజరు కార్డు మార్చడం కుదరదన్నాడు. జడ్జీలు చూసేశారు, మార్కులు వేసేశారు. ఆదివారంతో ఎలాగూ తీసేస్తామన్నాడు. వదిన గొంతు పెరిగేసరికి ఆ అమ్మాయినే పిలిపించాడు. సన్నగా, నిద్రలేని కళ్లతో, భుజాన కెమెరాతో వచ్చింది.

"నేను అడిగాను కదా ఆంటీ. మీరు తలూపారు."

"నోటినిండా గుండుసూదులమ్మా. నువ్వు రాణీగారివా అనడిగినా ఊపేదాన్ని."

"సూదులా? నేను... మీరు ఏడుపు ఆపుకుంటున్నారనుకున్నాను."

"రెండోసారి వచ్చి అడగొచ్చు కదా?"

అమ్మాయి నేలకేసి చూసింది. "మా సారు మాయమైపోతున్న పనొకటి తెమ్మన్నారు ఆంటీ. చెప్పులు, గొడుగులు, అన్నీ అప్పటికే మిగతావాళ్లు తీసేసుకున్నారు. దర్జీ ఒక్కటే మిగిలింది. రెండోసారి వస్తే మీ దుకాణం బాగా నడుస్తుంటుందేమోనని భయమేసింది."

వదినకు తిట్టడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. ఆమె తిట్టలేదు. అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"బడి స్టోరు మేడం నా మాట నమ్మదు, నీ ఫోటోనే నమ్ముతుంది. మళ్లీ ఫోటో తియ్యి. నిండిన అరలు, నడిచే మిషన్లు. సోమవారం లోపల ఆమె ముందు పెట్టాలి."

అందరం దుకాణానికొచ్చాం. అమ్మాయి కెమెరా కంటికి ఆనించి, దించేసింది. అరల్లో ఏమీ లేదు. అందరూ తమ బట్టలు ఒక్కొక్కరుగా తీసుకెళ్లిపోయారు. కొత్త రంగు వేసిన గోడల మీద అరలు ఇదివరకటి కన్నా ఖాళీగా కనిపిస్తున్నాయి. ఆ ఫోటోలో రాసిందంతా ఇప్పుడు నిజమైంది.

అన్నయ్య పైకెళ్లి మా ఇంట్లో దుప్పట్లూ తెరలూ నా చొక్కాలూ తెచ్చి అరల్లో సర్దడం మొదలుపెట్టాడు.

"అలా తీయకూడదు అంకుల్" అంది అమ్మాయి. "లేనిది పెట్టి తీస్తే తప్పు. మాకు రూల్సుంటాయి."

వదిన నడుం మీద చేతులు పెట్టుకుంది. "లేని చావు తీసినప్పుడు లేని రూల్సు, ఉన్న బతుకు తీయడానికి వచ్చాయా?"

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ కెమెరా ఎత్తలేదు. దుప్పట్లు అరల్లో అలాగే ఉండగా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వదినే ముందు మెత్తబడింది. మెత్తబడటం అంటే, ఇంకో రకంగా విసుక్కోవడం.

"సరే, పట్టుకుపోయినవాటిని పట్టుకురా. బ్యాంకు గుమాస్తా ఇల్లు ఆ సందులో. నర్సు క్వార్టర్సులో ఉంటుంది. తలుపు తట్టి, తప్పు రాశానని చెప్పు. నీ నోటితో చెప్పు. ఈసారి ఎవరైనా తలూపితే నోరు కూడా తెరవమను."

అమ్మాయి శని, ఆదివారాలు ఈ వీధీ పక్క వీధీ తిరిగింది. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. ఒకావిడ, అయితే టేపత్తకు ఏమీ కాలేదా అని నిరాశపడ్డట్టు అడిగిందట. బ్యాంకు గుమాస్తా బట్ట అప్పటికే వేరేచోట ఇచ్చేశాడు. ముఖం చెల్లక వెనక్కి తెచ్చుకుని, తనే మోసుకొచ్చాడు. "కొలత మళ్లీ తీస్తాను, ఊపిరి వదులు" అంది వదిన. నర్సు తెరల బట్ట మళ్లీ ఇచ్చి, ఈసారి చెయ్యి పట్టుకోలేదు. ఇవ్వనివాళ్లూ ఉన్నారు. అరలు సగానికి పైగా నిండాయి. అన్నయ్య దుప్పట్లు తీసి పైకి పంపించాడు. అప్పుడు అమ్మాయి కెమెరా ఎత్తింది. వదిన ఎవరినో తిడుతూ ఉంది. అలాగే తీసింది.

సోమవారం పొద్దున్నే స్టోరు గది ముందు అమ్మాయి, వదిన, నేను. మేడం ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. తర్వాత అమ్మాయిని అడిగింది.

"ఇది ఎప్పటిది?"

"నిన్నటిది మేడం. మొదటిది రంగులు వేయించే రోజుది. మూసేస్తున్నారని నేనే తప్పు రాశాను."

"ఆవిడ బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నాను" అంది వదిన పక్క నుంచి.

మేడం ఫోటో వైపే చూస్తూ, "బాగానే కనిపిస్తున్నారు" అంది. ఆ క్షణంలో వదిన పళ్లు కొరకడం నేను విన్నాను. "కానీ ప్యాంట్ల బట్ట తెల్లవారుజామునే కంపెనీ బండికెక్కించేశామమ్మా. చొక్కాల బట్టే మిగిలింది. అది తీసుకెళ్లండి. కుదిరితే వచ్చే ఏడు అన్నీ చూద్దాం."

సగమే. ఇన్నేళ్లు ఎదురుచూసినదానిలో సగం. వదిన కాదనలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు. చొక్కాల తాను నిలువెత్తు ఉంది. బండి మధ్యాహ్నం గానీ రాదట. నా నడుం సంగతి ఆమెకు తెలుసు కనుక నన్ను ఎత్తమని అడగలేదు. తను ఒక కొస భుజానికెత్తుకుంది. అమ్మాయి కెమెరా వీపు వెనక్కి తోసుకుని రెండో కొస ఎత్తుకుంది. గేటు దాటగానే తాను ఒకవైపు వాలిపోయింది.

"అడుగు కలిపి వెయ్యవే తల్లీ, బట్ట నేలకి రాసుకుంటోంది."

"మీరే తొందరగా నడుస్తున్నారు ఆంటీ."

"నాకు పనుంది మరి. చొక్కాలు కుట్టాలి. నీలాగా ఊరూరా తిరిగి జనాన్ని చంపుకుంటూ కూర్చుంటే కుదురుతుందా?"

"చంపలేదు ఆంటీ."

"సగం చంపావు. ప్యాంట్లు పోయాయి కదా. ఎత్తు, ఎత్తు, నీ వైపే జారుతోంది."